నక్షత్రాలను చూసి విశాఖకు టైం చెప్పిన గోడే జగ్గారావు

విశాఖపట్నంలో డాబా గార్డెన్స్ అంటే ఈ రోజు మనకు గుర్తొచ్చేది షాపులు, హోటళ్లు, హారన్ల మోత. అక్కడ నిలబడి ఆకాశం వైపు చూసేవాళ్లు ఎవరూ ఉండరు. కానీ 1840లో అదే చోట ఒక జమీందారు తన ఇంటి ఆవరణలో సొంత డబ్బుతో వేధశాల కట్టించాడు. రాత్రిళ్లు టెలిస్కోపు ముందు కూర్చుని నక్షత్రాలు ఎప్పుడు నడినెత్తి గీత దాటుతున్నాయో సెకన్లతో సహా రాసుకున్నాడు. ఆయన పేరు గోడే వెంకట జగ్గారావు. ఊరికి కచ్చితమైన టైం చెప్పడం ఆయన పెట్టుకున్న పని. అంతకు ముందు విశాఖలో ఆ పని ఎవరూ అంత పట్టుగా చేయలేదు.

జగ్గారావు 1817లో పుట్టారు. ఇంట్లో కలిమికి కొదవ లేదు. ఆ కాలపు జమీందారీ కుర్రాళ్లు ఎలా బతికారో మనకు తెలియనిది కాదు. ఏనుగులు, పల్లకీలు, కోర్టు వ్యాజ్యాలు, అప్పులు. ఈయన మాత్రం చదువు కోసం మద్రాసు వెళ్లారు. అక్కడ ఈస్టిండియా కంపెనీ వారి అబ్జర్వేటరీలో థామస్ గ్లాన్‌విల్ టేలర్ అనే ఖగోళ శాస్త్రజ్ఞుడు ఉండేవాడు. ఇంగ్లండులోని గ్రీనిచ్‌లో పని నేర్చుకుని 1830లో మద్రాసు వచ్చిన మనిషి. పద్దెనిమిదేళ్లు ఆ అబ్జర్వేటరీని నడిపి, 1844లో 11,015 నక్షత్రాల స్థానాలతో ఒక పెద్ద పట్టిక అచ్చు వేయించాడు. ఒక్కో నక్షత్రాన్నీ కంటితో పట్టి, లెక్క కట్టి, సరిచూసి రాసిన పట్టిక అది. జగ్గారావుకు గురువు ఆయనే.

ఆ రోజుల్లో ఈ పని ఎలా జరిగేదో కొంచెం చెప్పుకోవాలి. టెలిస్కోపు ఉత్తర దక్షిణాలకు సరిగ్గా బిగించి ఉంటుంది, తూర్పు పడమరలకు తిరగదు. దాని కంటి అద్దంలో సన్నని నిలువు దారాలు ఉంటాయి. తూర్పున లేచిన నక్షత్రం మెల్లగా జరుగుతూ వచ్చి ఆ దారాలను ఒక్కొక్కటిగా దాటుతుంది. చూసేవాడి కన్ను నక్షత్రం మీద, చెవి పక్కనున్న గడియారం టిక్కు టిక్కుల మీద. రెండు టిక్కుల మధ్య ఏ పాటి దూరంలో నక్షత్రం దారం దాటిందో అంచనా వేసి సెకనులో పదో వంతు దాకా రాయాలి. ఇది ఒక్క రాత్రిలో వచ్చే విద్య కాదు. చలి, నిద్ర, దోమలు, మబ్బు అన్నీ అడ్డమే.

ఎందుకీ తంటా అంటే, సూర్యుడు మంచి గడియారం కాడు. నీడ గడియారం పెట్టి చూస్తే సూర్యుడి మధ్యాహ్నం ఏడాదిలో కొన్నాళ్లు పావుగంట దాకా ముందుకు పోతుంది, కొన్నాళ్లు వెనక్కి వస్తుంది. నక్షత్రాలు అలా కాదు. ఒక నక్షత్రం ఈ రాత్రి నడినెత్తి గీత దాటిన క్షణం నుంచి రేపు రాత్రి మళ్లీ దాటే దాకా 23 గంటల 56 నిమిషాల 4 సెకన్లు. ఎల్లుండీ అంతే. అందుకని గడియారాన్ని నక్షత్రంతో సరిచూస్తే అది రోజుకి ఎంత తప్పుతోందో తెలిసిపోతుంది.

ఇక్కడ చాలామంది పొరపడే విషయం ఒకటుంది. మంచి గడియారం అంటే తప్పని గడియారం అనుకుంటాం. తప్పని గడియారం లోకంలో లేదు. రోజూ ఒకే తీరున తప్పేదే మంచి గడియారం. రోజుకి కచ్చితంగా రెండు సెకన్లు వెనకబడే గడియారంతో ఏ ఇబ్బందీ లేదు, ఆ రెండూ కలుపుకుంటే చాలు. ఇవాళ రెండు, రేపు అయిదు, ఎల్లుండి ఒకటి వెనకబడే గడియారం ఎంత ఖరీదు పెట్టి కొన్నా పనికిరాదు. జగ్గారావు లాంటి వాళ్లు రాత్రిళ్లు మేల్కొని రాసుకున్నది ఈ తప్పు లెక్కే.

సరే, ఈ సెకన్లతో విశాఖ జనానికి ఏం పని? జనం సంగతి ఏమో కానీ ఓడలకు ప్రాణావసరం. అప్పటికి విశాఖలో ఇప్పుడున్న హార్బర్ లేదు. అది 1933లో వచ్చింది. ఓడలు సముద్రంలోనే లంగరు వేసుకుని ఉండేవి, సరుకులు మనుషులు పడవల మీద ఒడ్డుకు వచ్చేవి. నడిసముద్రంలో ఓడ తూర్పుకి ఎంత దూరం వచ్చిందో, పడమరకి ఎంత పోయిందో తెలియాలంటే కెప్టెన్ దగ్గర ఉన్న గడియారమే దిక్కు. అది నాలుగు సెకన్లు తప్పితే లెక్కలో ఓడ సుమారు ఒక నాటికల్ మైలు పక్కకి జరిగిపోతుంది. ఒక నిమిషం తప్పితే పదిహేను మైళ్లు. చీకట్లో రాతి కొండ ఎక్కడుందో తెలియాల్సిన సమయంలో పదిహేను మైళ్ల తప్పు అంటే మాటలు కాదు.

జగ్గారావు యారాడ కొండ మీద, అంటే డాల్ఫిన్ నోస్ మీద, ఒక జెండా స్తంభం నిలబెట్టించారు. రోజూ ఉదయం నిర్ణీత సమయానికి ఆ జెండాతో టైం తెలియజేసేవారు. లంగరు వేసుకున్న ఓడలో నుంచి కెప్టెను దాన్ని చూసి తన గడియారం సరిచూసుకునేవాడు. ఊళ్లో జనం కూడా చూసుకునేవారు. ఆ కొండకు ఎదురుగా, నీళ్లకు ఇవతల ఒడ్డున, ఇస్హాక్ మదీనా ఔలియా దర్గా ఉన్న కొండ మనందరికీ తెలిసిందే. అక్కడి నుంచి చూస్తే డాల్ఫిన్ నోస్ చెయ్యి చాస్తే అందేంత దగ్గరగా కనిపిస్తుంది.

ఆ టైం ఏ టైం అన్న ప్రశ్న కూడా ఉంది. అప్పటికి దేశమంతటికీ ఒకే టైం లేదు. ఏ ఊరి టైం ఆ ఊరిదే. విశాఖలో సూర్యుడు నడినెత్తికి వచ్చిన పన్నెండు నిమిషాలకు గానీ మద్రాసులో రాడు. ఇండియన్ స్టాండర్డ్ టైం 1906లో వచ్చింది. ఇప్పటికీ ఆ తేడా పోలేదు, గడియారాల్లో దాగి ఉందంతే. విశాఖ సొంత టైం మన చేతి గడియారం కన్నా మూడు నిమిషాలు ముందుంటుంది, హైదరాబాదుది పదహారు నిమిషాలు వెనక ఉంటుంది. రంజాన్‌లో విశాఖ వాళ్లు ఇఫ్తార్ చేసేసి నమాజుకి లేచే వేళకి హైదరాబాదులో బంధువులు ఇంకా ఖర్జూరం చేతిలో పట్టుకుని కూర్చుని ఉంటారు కదా, అది ఈ తేడానే. ఒక ఊళ్లో అచ్చయిన టైంటేబుల్‌ని ఇంకో ఊళ్లో వాడకూడదని పెద్దలు చెప్పేదీ ఇందుకే.

మన చరిత్రలో ఈ పనికి ఒక పేరు ఉంది. పెద్ద మసీదుల్లో నమాజు వేళలు లెక్కకట్టే ఉద్యోగిని మువఖ్ఖిత్ అనేవారు. డమాస్కస్ ఉమయ్యద్ మసీదులో ఆ ఉద్యోగం చేసిన ఇబ్న్ అల్-షాతిర్ 14వ శతాబ్దంలో గ్రహాల కదలికల మీద రాసిన లెక్కలు ఇప్పటికీ చరిత్రకారులు చదువుతారు. జగ్గారావు మసీదుకి కాదు, ఒక రేవు పట్నానికి మువఖ్ఖిత్‌గా పనిచేశారని నేనంటాను. ఆయన కాలంలోనే మన వాడు ఇంకొకడు ఇదే దారిలో ఉన్నాడు. ఆర్కాటుకు చెందిన సయ్యద్ మీర్ మొహ్సిన్ హుస్సేన్. మద్రాసులో ఒక నగల షాపులో గడియారాలు బాగుచేస్తూ మొదలుపెట్టి, సర్వే శాఖలో చేరి, ఎవరెస్ట్ దొర కింద మొత్తం శాఖ పరికరాలకు ప్రధాన నిపుణుడయ్యాడు. ఇంగ్లండు నుంచి తెప్పించిన నిపుణుడు వెళ్లిపోయాక ఆ పని ఈయన చేతికి వచ్చింది. ఆయన మీద విడిగా ఒక వ్యాసం రాయాల్సి ఉంది.

గడియారాన్ని నక్షత్రంతో సరిచూశాం. మరి నక్షత్రాన్ని దేనితో సరిచూడాలి? నక్షత్రం కదలడం లేదు, కదిలేది భూమి. అంటే జగ్గారావు నమ్ముకున్న అసలు గడియారం భూమి తిరుగుడు. అదే నెమ్మదిస్తే? అందరి గడియారాలూ దాన్ని చూసి దిద్దుకున్నవే కాబట్టి అన్నీ కలిసి నెమ్మదిస్తాయి, ఎవరికీ తెలియదు. కాలం నడకలో మార్పు పట్టుకోవాలనుకునే వాళ్లందరికీ ఎదురయ్యే మొదటి గోడ ఇదే. ఒక్క గడియారంతో ఏమీ తేల్చలేం. దానితో సంబంధం లేని రెండో గడియారం కావాలి.

ఆ రెండో గడియారం దొరికింది కైరోలో. ఇబ్న్ యూనుస్ అనే ఆయన 1009లో చనిపోయాడు. తాను చూసిన గ్రహణాలనీ, అంతకు ముందు బాగ్దాదులో చూసినవారి లెక్కలనీ ఒక పెద్ద గ్రంథంలో రాసిపెట్టాడు. గ్రహణం మొదలైనప్పుడు సూర్యుడు గానీ ఒక నక్షత్రం గానీ ఎంత ఎత్తున ఉందో కొలిచి రాయడం ఆయన పద్ధతి. దాంతో ఆ క్షణం పక్కాగా దొరుకుతుంది. 1878లో సైమన్ న్యూకూంబ్ అనే అమెరికా శాస్త్రజ్ఞుడు చంద్రుడి నడక మీద చేసిన పరిశోధనలో ఈ అరబ్బు గ్రహణాలను వాడుకున్నాడు. తర్వాత వచ్చిన వాళ్లు ఇంకా లోతుగా వెళ్లారు. తేలింది ఏమిటంటే, భూమి ఎప్పుడూ ఇప్పటి వేగంతోనే తిరిగిందని లెక్కేస్తే ఆ గ్రహణాలు పడాల్సిన వేళకీ, వాళ్లు రాసిన వేళకీ ఇరవై అయిదు నిమిషాలకు పైగా తేడా వస్తోంది. వెయ్యేళ్లలో పేరుకున్న తేడా అది. సముద్రపు ఆటుపోట్ల రాపిడికి భూమి తిరుగుడు మందగిస్తోంది. నూరేళ్లకు రోజు పొడవు సెకనులో వెయ్యో వంతు కన్నా కొంచెం ఎక్కువ పెరుగుతోంది. జగ్గారావు బతికున్న 39 ఏళ్లలో అది ఆయన గడియారానికి అందేంత మార్పు కాదు. కానీ ఆయన రాసిన లాంటి లెక్కలు శతాబ్దాల పాటు పోగుపడితేనే ఇది బయటపడింది.

ఇప్పుడు ఒక ఊహ చేద్దాం. డాబా గార్డెన్స్ లోని లోలకం గడియారాన్ని ఎడ్లబండి మీద జాగ్రత్తగా కట్టి అనంతగిరి ఘాట్ ఎక్కించి అరకు తీసుకెళ్లామనుకోండి. సముద్ర మట్టం నుంచి సుమారు 900 మీటర్ల ఎత్తు. శిమిలిగూడ రైల్వే స్టేషన్ అయితే ఇంకా పైన, వెయ్యి మీటర్లకు కాస్త తక్కువ. అక్కడి గిరిజనులకు ఆ రోజుల్లో సెకన్లతో పని లేదు. సంత రోజు, విత్తు వేసే రోజు, చైత్రంలో ఇటుకల పండగ, వాళ్ల కాలం వాటితో నడిచేది. కానీ గడియారానికి మాత్రం తేడా తెలుస్తుంది. కొండ మీద భూమి లాగుడు కొంచెం తక్కువ. లోలకం ఆ లాగుడు మీదే ఊగుతుంది కాబట్టి నెమ్మదిస్తుంది. కింద రాతి బరువు ఎంతుందన్న దాన్ని బట్టి రోజుకి ఎనిమిది నుంచి పన్నెండు సెకన్ల దాకా వెనకబడుతుంది. అరకు చలికి ఉక్కు కడ్డీ కుంచించుకుని ఒక్కో డిగ్రీకి రోజుకి అర సెకను చొప్పున మళ్లీ ముందుకు తోస్తుంది. ఈ రెండూ విడదీయడమే పెద్ద తలనొప్పి. జగ్గారావు పోయిన పదేళ్లకు కెప్టెన్ బసేవి అనే సర్వే ఇంజనీరు లోలకాలు మోసుకుని దేశమంతా ఈ కొలతలే తీశాడు. చివరికి 1871లో లడఖ్‌లో, పదిహేను వేల అడుగుల పైన ఒక గుడారంలో, ఆ పని మీద ఉండగానే చనిపోయాడు.

అయితే అరకులో నెమ్మదించింది లోలకమే, కాలం కాదు. నిజానికి కాలం తిరగబడి నడుస్తుంది. ఐన్‌స్టీన్ 1915లో పూర్తిచేసిన సిద్ధాంతం ప్రకారం భూమికి దూరమయ్యే కొద్దీ కాలం కొంచెం వేగంగా నడుస్తుంది. విశాఖ బీచిలో ఉన్నవాడి కన్నా అరకులో ఉన్నవాడికి రోజుకి సెకనులో వంద కోట్లో వంతులు ఎనిమిదిన్నర ఎక్కువ గడుస్తాయి. డెబ్భై ఏళ్లు అక్కడే ఉన్నా తేడా సుమారు సెకనులో అయిదు వేలో వంతే. ఆరోగ్యం కోసం కొండెక్కేవాళ్లు గాలి కోసం వెళ్లాలి గానీ దీని కోసం కాదు.

ఇంత చిన్న తేడాని ఎలా పట్టారు? జగ్గారావు పద్ధతిలోనే. రెండు గడియారాలు పెట్టి పోల్చారు. 1971లో హాఫెలె, కీటింగ్ అనే ఇద్దరు అమెరికన్లు పరమాణు గడియారాలను మామూలు ప్రయాణికుల విమానాల్లో భూమి చుట్టూ తిప్పి, నేల మీద ఉన్నవాటితో సరిచూశారు. 2010లో అమెరికాలోని కొలొరాడోలో ఒక గడియారాన్ని రెండో దాని కన్నా 33 సెంటీమీటర్లు పైకి లేపి తేడా చూపించారు. అంటే ఇంట్లో ఒక మెట్టో రెండు మెట్లో ఎత్తు. 2022 వచ్చేసరికి అక్కడే ఒక మిల్లీమీటరు తేడాకి కూడా కాలం నడక మారడాన్ని పట్టేశారు. మన ఫోన్లో దారి చూపించే జీపీఎస్ ఉపగ్రహాల గడియారాలు రోజుకి సెకనులో పదిలక్షో వంతులు 38 ముందుకు పోతాయి. అది దిద్దకపోతే రోజు తిరిగేసరికి కిలోమీటర్ల లెక్కన దారి తప్పుతాం.

ఇప్పటి శాస్త్రజ్ఞులు ఇంకో అడుగు ముందుకేసి, ఒకే చోట రెండు వేర్వేరు ధాతువుల పరమాణు గడియారాలు పెట్టి ఏళ్ల తరబడి పోలుస్తున్నారు. ప్రకృతి సూత్రాలు వయసుతో పాటు మారుతుంటే రెండూ ఒకే తీరున మారవు, వాటి మధ్య తేడా పెరగాలి. ఇప్పటిదాకా అలాంటిదేమీ కనపడలేదు. ఇంకో విచిత్రం, ఒకప్పుడు భూమిని చూసి గడియారం దిద్దేవాళ్లం, ఇప్పుడు గడియారాన్ని చూసి భూమి తప్పు లెక్కేస్తున్నాం. ఆ తప్పు సర్దడానికి 1972 నుంచి 2016 దాకా 27 సార్లు లోకంలోని గడియారాలకు ఒక సెకను కలిపారు.

జగ్గారావు ఇవేవీ చూడలేదు. 1856లో, నలభై ఏళ్లు నిండకుండానే వెళ్లిపోయారు. సాధారణంగా అలాంటి చోట ఏమవుతుందో తెలుసు. యజమాని పోతాడు, పరికరాలకు తుప్పు పడుతుంది, అద్దాలు ఎవరో పట్టుకుపోతారు. ఇక్కడ అలా జరగలేదు. ఆయన కూతురు అచ్చయ్యమ్మ, అల్లుడు అంకితం వెంకట నర్సింగరావు వేధశాలను నిలబెట్టారు. నర్సింగరావు సర్కారు ఉద్యోగం వదులుకుని మరీ ఈ పనిలో దిగారు. వానలు, గాలులు, వేడి రోజువారీ కొలిచి రాసేవారు. లండన్‌లోని రాయల్ ఆస్ట్రనామికల్ సొసైటీలో సభ్యుడయ్యారు. నా దృష్టిలో మామ కన్నా అల్లుడే ఎక్కువ పని చేశాడు, కానీ మామ వేసిన పునాది లేకపోతే ఆయనకు ఆ చోటే లేదు.

1874 డిసెంబర్ 9న శుక్ర గ్రహం సూర్యుడి ముఖం మీదుగా చిన్న నల్ల చుక్కలా దాటింది. అంతకు ముందు అలా జరిగింది 1769లో. భూమి మీద వేర్వేరు ఊళ్ల నుంచి ఆ చుక్క సూర్యుడి అంచు తాకిన క్షణాన్ని సరిగ్గా రాసి పోల్చితే సూర్యుడు ఎంత దూరమో తేలుతుంది. దానికి ప్రపంచ దేశాలు ఓడల్లో శాస్త్రజ్ఞులను పంపాయి. విశాఖలో నర్సింగరావు ఆరంగుళాల కొత్త టెలిస్కోపు తెప్పించి సిద్ధంగా ఉన్నారు. చూశారు, లెక్క రాశారు, లండన్ పంపారు. ఇలాంటి పనిలో టెలిస్కోపు ఎంత పెద్దదైనా పక్కనున్న గడియారం తప్పితే చూసిందంతా వృథా. ముప్పై ఏళ్లకు పైగా నక్షత్రాలతో టైం సరిచూసుకుంటూ వచ్చిన అలవాటు ఆ పొద్దున అక్కరకొచ్చింది.

మన హైదరాబాదులో నవాబ్ జఫర్ జంగ్ సొంత ఖర్చుతో అబ్జర్వేటరీ పెట్టింది 1901లో. 1908లో దాన్ని నిజాం ప్రభుత్వం తీసుకుంది, కాబట్టి నిజామియా అబ్జర్వేటరీగా అది నిలబడింది. విశాఖది ఒక కుటుంబం చేతుల్లోనే చాలాకాలం నడిచింది. నర్సింగరావు 1892లో పోయారు. ఆ తర్వాత కొన్నేళ్లకు అది నెమ్మదిగా మూతపడే దారి పట్టింది. ఇప్పుడు డాబా గార్డెన్స్‌లో దాని ఆనవాలు లేదు, డాల్ఫిన్ నోస్ మీద జెండా స్తంభం బదులు లైట్‌హౌస్ ఉంది.

మిగిలింది ఒక కాలేజీ. విశాఖలో ఏవీఎన్ కాలేజీ అని అందరూ పిలిచేది ఆ నర్సింగరావు పేరు మీద ఉన్నదే. ఆయన పోయిన ఏడాదే ఆ కాలేజీలో లెక్కలు, ఫిజిక్స్ చెప్పడానికి చంద్రశేఖర అయ్యర్ అనే లెక్చరర్ కుటుంబంతో సహా వచ్చి చేరాడు. వెంట వచ్చిన పిల్లల్లో నాలుగేళ్లు నిండని కుర్రాడు ఒకడున్నాడు. ఆ పిల్లవాడు విశాఖలోనే పెరిగి, పదకొండేళ్లకే మెట్రిక్యులేషన్ పాసై మద్రాసు వెళ్లాడు. అతనే సి.వి. రామన్.